గోడకు నెమలికంఠం

మైలుతుత్తం సున్నం నుంచి ఎమల్షన్ దాకా అదే రంగు – వేసే ముందు చూడవలసింది గోడను

అమలాపురం: ధనుర్మాసం వచ్చిందంటే కోనసీమ ఊళ్ళలో నిచ్చెనలకు గిరాకీ పెరుగుతుంది. పెద్ద పండుగ నాటికి ఇల్లు కళకళలాడాలన్నది ప్రతి గృహస్థు కోరిక. ఒకప్పుడు ఆ కోరిక తీరడానికి బస్తా సున్నం, గుప్పెడు నీలిమందు, ఒక కుంచె ఉంటే సరిపోయేది. ఇప్పుడు రంగుల దుకాణంలో అడుగు పెడితే వందలాది రంగులున్న పుస్తకం ముందు పెడతారు. అందులో నీలం పేజీలు ముగిసి ఆకుపచ్చ పేజీలు మొదలయ్యే చోట ఒక రంగు ఉంటుంది. అది పూర్తిగా నీలమూ కాదు, పూర్తిగా పచ్చా కాదు. కాస్త బూడిద కలిసినట్టు మెత్తగా ఉండి కంటిని గుచ్చదు. దుకాణదారు దాన్ని ‘టీల్’ అంటాడు. చీరల కొట్టులో అలవాటు పడిన కళ్ళకు మాత్రం అది నెమలికంఠం. జవుళి వర్తకుల భాషలో దానికే ‘రామా గ్రీన్’ అని మరో పేరు కూడా ఉంది.

పుస్తకంలో రంగు మీద వేలు పెట్టడం ఒక పూట పని. ఆ రంగు గోడ మీద నాలుగు కాలాలు నిలవడం, ఇంట్లో పాకే పసిబిడ్డకు హాని చేయకుండా ఉండడం వేరే సంగతి. ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు ఇంటికి రంగు వేయించి చూడమని అనలేదు గాని, అందులోనూ తెలుసుకోవలసింది తక్కువేమీ లేదు.

పేరులోనే నెమలి

టీల్ అంటే అసలు ఒక చిన్న బాతు పేరు. మగ పక్షి కంటి మీదుగా వెనక్కి సాగే నీలి ఆకుపచ్చ పట్టీ ఒకటి ఉంటుంది. ఆ పట్టీ వల్లనే రంగుకు ఆ పేరు వచ్చింది. ఉత్తరపు చలి దేశాల నుంచి ఏటా శీతాకాలంలో మన దేశానికి వలస వచ్చే ఈ పక్షి కొల్లేరులోనూ, పులికాట్ సరస్సులోనూ దిగుతుంది. కనుక పేరు పరాయిదైనా పక్షి మనకు కొత్తది కాదు.

రంగు అంతకన్నా పాత చుట్టం. తెలుగులో పచ్చ అనే మాట అటు పసుపుకూ, ఇటు ఆకు రంగుకూ కూడా చెల్లుతుంది. అందుకే పసుపుపచ్చ, ఆకుపచ్చ, చిలకపచ్చ అని విడదీసి చెప్పుకుంటాం. నీలానికీ ఆకుపచ్చకూ మధ్య ఉన్న ఈ రంగుకు మాత్రం మనవాళ్ళు నెమలి మెడను కొలబద్దగా పెట్టుకున్నారు. పచారీ కొట్లలో, ఎరువుల దుకాణాలలో దొరికే నీలి స్ఫటికాల మందును మైలుతుత్తం అంటాం. అందులోని ‘మయిలు’ నెమలే. సంస్కృత వైద్యగ్రంథాలు దీన్నే మయూరతుత్థమనీ, నెమలి మెడ అనే అర్థంలో శిఖిగ్రీవమనీ అన్నాయి. రసాయన శాస్త్రం దృష్టిలో అది కాపర్ సల్ఫేట్, అంటే రాగి లవణం.

ఈ మైలుతుత్తాన్ని నీళ్ళలో కరిగించి వెల్ల సున్నంలో కలిపితే గోడకు లేత నీలి ఆకుపచ్చ ఛాయ వస్తుంది. తెలుగు పల్లెల్లోని పాత పెంకుటిళ్ళ లోపలి గోడలకు ఉండే ఆ చల్లని రంగు చాలా చోట్ల ఇలా వచ్చిందే. చెదలు, పురుగు దరిచేరవన్న నమ్మకంతో కూడా దీన్ని కలిపేవారు. రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ నీలి ఇళ్ళ విషయంలోనూ ఇదే మాట వినిపిస్తుంది.

రాగి, సున్నం కలిసినప్పుడు జరిగేది తేలికగానే అర్థమవుతుంది. సున్నంలోని క్షారం తగలగానే కరిగి ఉన్న రాగి విడివడి నీలి ముద్దగా మారుతుంది. గోడ ఆరే కొద్దీ అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది. తోమకుండా వదిలేసిన రాగి చెంబుకు చిలుము పడుతుంది చూడండి, గోడ మీది రంగు దానికి దగ్గరి బంధువే.

తోటలో మందు, ఇంట్లో రంగు

కోనసీమ కొబ్బరి రైతుకు ఈ రంగును పరిచయం చేయనక్కరలేదు. చెట్టుకు మొవ్వుకుళ్ళు తెగులు వచ్చినప్పుడు వాడే బోర్డో మిశ్రమం రంగు అదే. వంద లీటర్ల నీటికి ఒక కిలో మైలుతుత్తం, ఒక కిలో సున్నం కలిపితే ఒక శాతం బోర్డో మిశ్రమం తయారవుతుంది. దాని కథ కూడా వినదగ్గదే. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో దారిన పోయేవారు ద్రాక్ష గుత్తులు తెంపుకుపోకుండా రైతులు రోడ్డు పక్క తీగలకు మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. వికారంగా కనిపించే ఆ పళ్ళ జోలికి ఎవరూ పోరని వారి ఆలోచన. అలా చల్లిన తీగలకు బూజు తెగులు రాకపోవడాన్ని 1882లో మిలార్డె అనే వృక్షశాస్త్రజ్ఞుడు గమనించాడు. పరీక్షలు చేసి 1885లో ఆ సంగతి లోకానికి వెల్లడించాడు.

బోర్డో మిశ్రమం తయారీలో రైతులు పాటించే రెండు జాగ్రత్తలు గోడ రంగుకూ వర్తిస్తాయి. మైలుతుత్తాన్ని ఇనుప పాత్రలో కరిగించకూడదు. రాగి అంతా ఇనుముకు పట్టి ద్రావణం చెడుతుంది, పాత్రా పాడవుతుంది. మట్టి కుండ గాని, ప్లాస్టిక్ బకెట్ గాని వాడాలి. రెండోది, కలిపిన తరువాత శుభ్రమైన చాకును అందులో కాసేపు ముంచి తీయాలి. చాకుకు ఎర్రగా రాగి పూత పట్టిందంటే సున్నం చాలలేదన్నమాట. మరికొంత సున్నపు తేట పోసి మళ్ళీ చూసుకోవాలి.

మైలుతుత్తం విషమన్న సంగతి మరువరాదు. నీలంగా మెరిసే ఆ పలుకులు పిల్లలకు కలకండ ముక్కల్లా కనిపిస్తాయి. వాటిని అందని ఎత్తులో పెట్టడం, కలిపిన గిన్నెలను వంటకు వాడకపోవడం తప్పనిసరి.

పాత ఇంటికి పాత మందే మేలు

గానుగ సున్నంతో కట్టిన మండువా లోగిళ్ళు, పాత పెంకుటిళ్ళు కోనసీమలో ఇంకా ఉన్నాయి. ఇసుక, సున్నం గానుగలో తిప్పి, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు చేర్చి కట్టిన ఆ గోడలు నేల నుంచి చెమ్మను పీలుస్తాయి, ఎండ కాయగానే వదిలేస్తాయి. సున్నపు వెల్ల ఆ రాకపోకలకు అడ్డు పడదు. పైన ప్లాస్టిక్ ఎమల్షన్ పూశారంటే చెమ్మ బయటకు పోయే దారి మూసుకుంటుంది. లోపలి నీరు ఆ పొరను బుడగలుగా లేపుతుంది, చివరకు అప్పడంలా ఊడదీస్తుంది. అటువంటి ఇంటికి నెమలికంఠం రంగు కావాలనుకుంటే పాత పద్ధతే సరైన పద్ధతి.

వెల్ల తయారీకి పేరున్న లెక్క ఒకటుంది. కిలో పొడి సున్నానికి సుమారు అయిదు లీటర్ల నీరు పోయాలి. సున్నం ఉడికి చల్లారిన తరువాత ఒక రోజంతా కదపకుండా ఉంచి, ముతక గుడ్డతో వడగట్టాలి. పట్టు కోసం తుమ్మబంక గాని, గంజి గాని చేర్చాలి. పల్నాడులోని పిడుగురాళ్ళ బట్టీల్లో కాల్చిన రాతి సున్నమైనా, తీరం పొడవునా దొరికే గుల్లలను కాల్చిన గుల్ల సున్నమైనా తయారీ ఇంచుమించు ఒకటే. గోడను ముందు తడిపి, పలచగా రెండు మూడు కోట్లు వేయాలి. చిక్కగా ఒక్కసారే వేస్తే పొడిగా రాలి భుజాలకు అంటుకుంటుంది.

రంగు వెల్లతో వచ్చే చిక్కు ఒకటి ఉంది. తడిగా ఉన్నప్పుడు కనిపించే రంగు ఆరిన తరువాత ఉండదు. ఆరే కొద్దీ బాగా పాలిపోతుంది. అందుకే అనుభవం గల మేస్త్రీలు కలిపిన రంగును ముందు పెంకు మీదో, ఇటుక ముక్క మీదో పూసి ఎండలో ఆరబెట్టి చూస్తారు. మరో జాగ్రత్త ఏమిటంటే ఇంటికంతటికీ కావలసిన రంగును ఒక్కసారే కలుపుకోవాలి. సగం గోడ దగ్గర డబ్బా ఖాళీ అయి రెండో విడత కలిపితే ఆ గీత ఏడాది పొడవునా కళ్ళ ముందే ఉంటుంది.

సున్నంలో అన్ని రంగులూ బతకవన్నది కూడా తెలుసుకోవాలి. బట్టల నీలంగా వాడిన అల్ట్రామెరైన్ సున్నానికి తట్టుకుంటుంది. ప్రష్యన్ నీలం తట్టుకోదు, సున్నపు క్షారానికి విరిగి రంగు కోల్పోతుంది. ఎర్రమట్టి, పసుపుమట్టి వంటి ఇనుప రంగులు దిట్టంగా నిలుస్తాయి. పొడి రంగు కొనేటప్పుడు సున్నంలో నిలుస్తుందా అని అడిగి మరీ కొనడం మంచిది.

సున్నం పని చేసేవారు చేతులకూ, ఒంటికీ కొబ్బరి నూనె రాసుకోవడం ఆనవాయితీ. నూనె చర్మాన్ని కొంత కాపాడవచ్చు గాని కంటిని కాపాడదు. నెత్తి మీది కప్పుకు వెల్ల వేసేటప్పుడు చుక్క కంట్లో పడితే చూపుకే ప్రమాదం. వెంటనే పావుగంట, అరగంట పాటు ధారగా మంచినీళ్ళతో కడిగి, ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరకు వెళ్ళాలి. చౌకరకం కళ్ళజోడు పెట్టుకున్నా ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది.

రాగి మళ్ళీ వచ్చింది

మన దేశంలో రంగుల కర్మాగారాల చరిత్ర 1902లో హౌరాలో మొదలైన షాలిమార్‌తో ఆరంభమైంది. 1942లో బొంబాయిలో ఏషియన్ పెయింట్స్ పుట్టింది. చేతిలో కుంచె, రంగు డబ్బాతో కనిపించే అల్లరి పిల్లవాడు గట్టు బొమ్మను ఆ సంస్థ కోసం 1954లో గీసినది ప్రఖ్యాత వ్యంగ్య చిత్రకారుడు ఆర్.కె. లక్ష్మణ్. డిస్టెంపరు డబ్బాలు ఊళ్ళలోకి రావడంతో సున్నం తొట్లు ఒక్కొక్కటే మూలబడ్డాయి. ఆ తరువాత ఎమల్షన్ వచ్చింది, దుకాణంలోనే రంగు కలిపి ఇచ్చే యంత్రాలూ వచ్చాయి.

చిత్రమేమిటంటే, ఈ యంత్రం కలిపే నెమలికంఠంలో కూడా ముఖ్యమైనది రాగే. 1928లో స్కాట్లండ్‌లోని గ్రాంజ్‌మౌత్ రసాయన కర్మాగారంలో మరో పదార్థం తయారు చేస్తుండగా పాత్ర లోపలి పూత చిట్లి, కింది ఇనుము తగిలి, ముదురు నీలపు పదార్థం ఒకటి ఏర్పడింది. పనికిరాదని పారవేయకుండా పరిశోధిస్తే కొత్త రంగుల కుటుంబమే బయటపడింది. దాని పేరు థాలోసయనిన్. ఇనుము స్థానంలో రాగిని పెట్టగా వచ్చిన నీలాన్ని 1935లో అమ్మకానికి పెట్టారు. అదే నీలానికి క్లోరిన్ పట్టిస్తే ఆకుపచ్చ వచ్చింది. తెల్లని ఎమల్షన్‌లో ఈ నీలం, ఈ పచ్చ, కొంచెం నలుపు కలిపితే నేటి మెత్తని నెమలికంఠం. ఎండకు వెలవడంలో గాని, సున్నానికి విరగడంలో గాని ఇవి తొందరగా లొంగవు. అంటే తాతల నాటి గోడలోనూ రాగి, మనుమల గోడలోనూ రాగే.

రంగు కోసం ప్రాణాల మీదకు తెచ్చుకున్న కాలం కూడా ఒకటి ఉండేది. 1775లో షీలే అనే స్వీడన్ రసాయన శాస్త్రజ్ఞుడు రాగిని పాషాణంతో కలిపి అందమైన పచ్చరంగు చేశాడు. ఐరోపాలో 19వ శతాబ్దంలో గోడ కాగితాలకు ఇటువంటి పాషాణపు పచ్చలను విరివిగా వాడారు. చెమ్మగిల్లిన గోడల మీద బూజు పట్టినప్పుడు ఆ కాగితాల నుంచి విషవాయువు వెలువడుతుందని తరువాత ఇటలీ శాస్త్రజ్ఞుడు గోసియో చూపించాడు. గోడ మీది అందం ఇంటి గాలిలో కలుస్తుందన్న పాఠం అప్పటిది.

కంటికి ఎందుకు హాయి?

ఎర్రని కాగితాన్ని అరనిమిషం పాటు రెప్ప వేయకుండా చూసి వెంటనే తెల్లగోడ వైపు చూడండి. గోడ మీద నీలి ఆకుపచ్చ మచ్చ కనిపిస్తుంది. ఎరుపును చూసి అలసిన కన్ను దాని ఎదురు రంగును తానే సృష్టించుకుంటుంది. శస్త్రచికిత్స గదుల్లో రక్తాన్ని చూసి చూసి తెల్లగోడ వైపు తిరిగిన వైద్యులకు ఈ మచ్చలు అడ్డుపడేవి. 1914లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో హ్యారీ షెర్మన్ అనే శస్త్రవైద్యుడు తన ఆపరేషన్ గదికి ఆకుపచ్చ రంగు వేయించాడు. నేటికీ ఆపరేషన్ గదుల్లో వైద్యుల దుస్తులు పచ్చగానో, నీలి ఆకుపచ్చగానో ఉండడానికి ఇదొక కారణం.

మరొక విశేషం కూడా ఉంది. పొద్దు వాలి వెలుగు తగ్గేకొద్దీ ఎరుపు రంగులు నల్లబడిపోతాయి, నీలి ఆకుపచ్చలు మాత్రం ఇంకా తేటగా కనిపిస్తాయి. మసక వెలుతురులో పనిచేసే కంటి కణాలు ఈ రంగుకే ఎక్కువగా స్పందించడం దీనికి కారణం. దీపం పెట్టే వేళకు నెమలికంఠపు గోడ వెలుగుతున్నట్టు అనిపించడం భ్రమ కాదు.

అయితే ఈ రంగు వేస్తే గది చల్లబడుతుందన్న మాట నమ్మదగ్గది కాదు. చల్లదనం కంటికే గాని ఒంటికి కాదు. వేడి తగ్గాలంటే రంగు వేయవలసింది డాబా మీద, అదీ తెల్లరంగు. పైకప్పులు ఎండను తిప్పికొట్టేలా ఉండాలంటూ తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రత్యేక విధానమే తెచ్చింది.

ఏ గదికి, ఏ వెలుగులో

రంగుల పుస్తకంలో చూసిన చిన్న ముక్కకూ, నాలుగు గోడల మీద పడిన రంగుకూ చాలా తేడా ఉంటుంది. ఒక గోడ రంగు ఎదుటి గోడ మీద పడి రెండూ ముదురుగా కనిపిస్తాయి. కనుక నచ్చిన రంగు కన్నా ఒక మెట్టు లేతది ఎంచుకోవడం శ్రేయస్కరం. ముందుగా చిన్న డబ్బా కొని, కిటికీ పక్క గోడ మీద ఒకటి, కిటికీకి ఎదురు గోడ మీద ఒకటి రెండేసి అడుగుల చదరం వేసి, పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి లైటు వెలుగులో చూడాలి.

లైటు మారితే ఈ రంగు మారినంతగా మరే రంగూ మారదనిపిస్తుంది. పసుపు వెలుగునిచ్చే బల్బు కింద ఆకుపచ్చగా, తెల్లని ట్యూబ్‌లైట్ కింద నీలంగా కనిపిస్తుంది. ఉత్తరపు కిటికీ ఉన్న గదిలో కొంత దిగులుగా కూడా అనిపించవచ్చు. అక్కడ కొంచెం పచ్చ పాలు ఎక్కువ ఉన్న లేత రంగు నప్పుతుంది. పడమటి ఎండ పడే గదికి బూడిద ఛాయ ఉన్నదైనా ఇబ్బంది లేదు. వెలుతురు చాలని మధ్య గదులకు నాలుగు గోడలూ వేయకుండా ఒక్క గోడకు వేసి, మిగిలినవాటిని మీగడ తెలుపులో ఉంచవచ్చు. కప్పు మాత్రం తెల్లగా ఉంటేనే గది ఎత్తుగా కనిపిస్తుంది.

ఈ రంగుకు ఎదురు రంగు ఇటుక ఎరుపు. అందువల్ల పాత ఇళ్ళలోని ఎర్ర గచ్చు నేల, కుంకుమ పెట్టిన పసుపు గడప, టేకు తలుపు, ఇత్తడి గుండిగ దీని పక్కన పెట్టిన ప్రతిదీ పదింతలు మెరుస్తుంది. నల్లని కడప రాయి అరలు కూడా బాగుంటాయి. గోదావరి అవతలి ఒడ్డున నర్సాపురం పరిసరాల మహిళలు అల్లే తెల్లని లేసు తెర ఒకటి కిటికీకి కడితే వేరే అలంకారం అక్కరలేదు. ఏటికొప్పాక లక్క బొమ్మలు, కొండపల్లి బొమ్మలు పెట్టే గూడు లోపలి భాగానికి మాత్రమే ఈ రంగు వేసినా సరిపోతుంది. ప్లాస్టిక్ పూలదండలు, మెరుపు కాగితాలు చేరిస్తే మాత్రం మెత్తదనమంతా పోతుంది.

గోడ చెమ్మగిల్లితే రంగు ఏం చేస్తుంది?

డెల్టా ఇళ్ళకు అసలు శత్రువు చెమ్మ. కాలవ గట్టు ఇళ్ళు, కొబ్బరి తోటల మధ్య ఇళ్ళు, లంక గ్రామాల ఇళ్ళు ఏడాదిలో చాలా నెలలు తడి నేల మీద నిలబడి ఉంటాయి. నేల తడి గోడలోకి పాకి, మోకాటి ఎత్తుకో, నడుము ఎత్తుకో చేరుతుంది. దానితో పాటు వచ్చిన లవణం గోడ ఆరినప్పుడు తెల్లని ఉప్పుగా పైకి పొంగుతుంది. 1986 ఆగస్టులో, 2022 జూలైలో వచ్చినటువంటి గోదావరి వరదల్లో నీట నానిన గోడల సంగతి చెప్పనే అక్కరలేదు. నీరు తీసిన వెంటనే పైకి పొడిగా కనిపించినా లోపల ఆరడానికి నెలలు పడుతుంది. అటువంటి గోడ మీద పండుగ వచ్చిందని ఖరీదైన రంగు పూయడం పైన పటారం, లోన లొటారమే అవుతుంది.

పరీక్ష సులువు. అడుగు చదరం పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా గట్టిగా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు వదిలేయాలి. లోపలి వైపు నీటి బిందువులు కనిపిస్తే గోడ రంగుకు సిద్ధంగా లేదు. నీరు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. స్నానాలగది గొట్టం కారుతోందా, చూరు నీరు గోడ మొదట్లో పడుతోందా, రోడ్డు ఎత్తు పెరిగి వాన నీరు ఇంటి వైపు మళ్ళిందా అన్నది తేల్చుకోవాలి. వాటిని సరిచేయడానికయ్యే ఖర్చు రంగు ఖర్చు కన్నా తక్కువే ఉండవచ్చు. పొంగిన ఉప్పును పొడి కుంచెతో దులిపి పారవేయాలి గాని కడగకూడదు. కడిగితే ఆ ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది.

కొత్త సిమెంటు గోడకూ తొందర పనికిరాదు. ప్లాస్టరింగు తరువాత కనీసం 28 రోజులు, వీలైతే రెండు మూడు నెలలు ఆగాలి. పచ్చి సిమెంటులోని క్షారం రంగును తినేస్తుంది. పాత వెల్ల ఉన్న గోడకు ఎమల్షన్ వేయదలిస్తే వదులుగా ఉన్న సున్నాన్నంతా గోకి, ప్రైమరు వేసి, లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో సాపు చేసిన తరువాతే రంగు. ఈ పనుల్లో ఏది మానేసినా ఊడేది రంగే, మాట పడేది మేస్త్రీయే.

తలుపు పచ్చలో సీసం

ఇంటి గోడలకన్నా తలుపులు, కిటికీలు, ఇనుప కమ్మీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పాత కాలపు ఎనామిల్ పచ్చరంగుల్లో చాలా భాగం సీసంతో చేసిన పసుపును, నీలాన్ని కలిపి తయారు చేసినవే. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నియమం 2016లో వెలువడి, 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందు పూసిన రంగులు ఎన్నో తలుపుల మీద పొరలు పొరలుగా ఇంకా ఉన్నాయి.

పొర పొరగానే ఉన్నంతకాలం దానివల్ల కీడు తక్కువ. పెచ్చులూడినప్పుడు, కొత్త రంగు కోసం పొడి ఉప్పుకాగితంతో గీకినప్పుడు ఆ సీసం ధూళి అయి నేల మీద పడుతుంది. పాకే పిల్లలు ఆ నేల మీద చేయి పెట్టి, అదే చేయి నోట్లో పెట్టుకుంటారు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుందనీ, ఇంత వరకు ఫరవాలేదని చెప్పగల పరిమాణమే లేదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. రక్తహీనత, చదువులో వెనుకబాటు, చిరాకు కనిపించినా కారణం తలుపు రంగు కావచ్చునని ఎవరికీ తట్టదు. రక్తపరీక్ష చేస్తే గాని అది తేలదు.

అందువల్ల పాత రంగును పొడిగా గీకకూడదు. నీళ్ళు చల్లి తడి మీదనే సాపు చేయాలి. కాల్చి ఊడదీయడం అసలే కూడదు. పని జరిగే గదిలోకి గర్భిణులను, పిల్లలను రానివ్వరాదు. కింద గోనె గాని, పాలిథీన్ గాని పరచి, ఊడిన పెచ్చులను మూటకట్టి తీసివేయాలి. నేలను చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. కొత్త డబ్బా కొనేటప్పుడు సీసం పరిమితిని తెలిపే ముద్రణ ఉందో లేదో చదవాలి.

ఇంటివారికి ఇది రెండు వారాల వ్యవహారం. రంగుల పనివారికి జీవితాంతం. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం, అన్నానికి కూర్చునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం, పని బట్టలతో ఇంటికి వెళ్ళి పిల్లల్ని ఎత్తుకోకపోవడం వారు పాటించవలసినవి. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు, సబ్బు ఏర్పాటు చేయడం మాత్రం ఇంటి యజమాని బాధ్యత.

ఒక గది లెక్క

పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిని తీసుకుందాం. నాలుగు గోడల చుట్టుకొలత 44 అడుగులు. పది అడుగుల ఎత్తుకు 440 చదరపు అడుగులు. ఒక తలుపుకు 21, రెండు కిటికీలకు 32 చదరపు అడుగులు తీసివేస్తే మిగిలేది 387. సాపు చేసిన గోడ మీద లీటరు ఎమల్షన్ రెండు కోట్లకు సుమారు 60 చదరపు అడుగులకు వస్తుందనుకుంటే ఆ గదికి ఆరున్నర లీటర్లు కావాలి. గరుకు గోడ మరింత తాగుతుంది. ఈ లెక్క చేతిలో ఉంటే ఎన్ని డబ్బాలు కొనాలో మరొకరు చెప్పనక్కరలేదు. యంత్రం కలిపి ఇచ్చిన రంగు సంఖ్యను డబ్బా మూత మీద నుంచి తలుపు వెనుక చిన్న అక్షరాలతో రాసి పెట్టుకుంటే, రెండేళ్ళ తరువాత మచ్చ పడినా అదే రంగు మళ్ళీ దొరుకుతుంది.

పండుగకు వారం ముందు రంగు గురించి ఆలోచించడం మొదలుపెడితే పైన చెప్పిన పనుల్లో ఏ ఒక్కటీ కుదరదు. గోడకు పాలిథీన్ ముక్క అంటించడానికి సరైన కాలం దీపావళి. తలుపు రంగు తడిపి తీయడానికి, లప్పం ఆరడానికి, నమూనా రంగు మూడు పూటలా చూడడానికి అక్కడి నుంచి కావలసినంత వ్యవధి ఉంటుంది. గోడ పొడిగా ఉందనీ, ధూళిలో సీసం లేదనీ తేలిన తరువాత, రంగు నెమలికంఠమా మరొకటా అన్నది ఇంట్లోవారు కూర్చుని సంతోషంగా తేల్చుకోవచ్చు.